బాబా గదిలో కల్లుపాక పాట

ఈ చలికాలం జెద్దాలో మా అమ్మాయి గ్రేసు దగ్గరే ఉన్నాను. ఇది రాస్తున్నది కూడా దాని వంటింట్లో, బియ్యం నానబెట్టిన గిన్నె పక్కన కాగితాలు పరుచుకుని. గ్రేసు ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు. సెలవు రోజున నన్ను కారెక్కించుకుని, తనే నడుపుకుంటూ ఊరు చూపిస్తుంది. ఒకప్పుడు నాలుగేళ్ళు నేను బతికిన ఊరే ఇది. అయినా దాని పక్క సీట్లో కూర్చుంటే మొదటిసారి వచ్చినట్టే ఉంటుంది. మొన్నొక సాయంత్రం పాత బస్తీకి తీసుకెళ్ళింది. చెక్క కిటికీల పాత మేడల మధ్య వేదిక కట్టారు. దాని మీద ఈ దేశపు పిల్లే, పాతికేళ్ళు కూడా ఉండవు, మైకు పట్టుకుని పాడుతోంది. కింద కుర్చీల్లో తాతలూ, అబాయాలు వేసుకున్న ఆడవాళ్ళూ, ఐస్‌క్రీము మూతినిండా పూసుకున్న పిల్లలూ. అందరూ వేదిక వైపు చూస్తుంటే నేను మాత్రం వీధి రెండు చివరలకీ చూస్తున్నాను.

"ఎవరి కోసమమ్మా ఆ చూపులు?" అంది గ్రేసు.

"ఎవరైనా వచ్చి ఆపుతారేమోనని."

"ఆపేదెవరు? టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చాం కదా!" అని నవ్వింది.

నవ్వొచ్చే మాటే. కానీ నేను ఈ ఊళ్ళో పనికి వచ్చిన, నలుగురిలో పాటే నిషేధమైన రోజుల్లో, మూసిన గదిలో ఒక ముసలాయన కోసం గొంతు తగ్గించి పాడినా నన్ను విమానం ఎక్కించి పంపేస్తామన్నారు. ఆ సంగతి గ్రేసుకి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే, "నేను పనిచేసిన ఇల్లు ఇంకా ఉందేమో చూసొద్దామే" అన్నాను. వీధి పేరు మారింది, మలుపులో మందుల షాపు పోయి కాఫీ కొట్టు వచ్చింది. ఇల్లు మాత్రం ఉంది. గంట కొడితే తెల్లగడ్డం ఉన్న ఒకాయన వచ్చి గేటు తీశాడు. ఆయన నన్ను పోల్చలేదు గానీ నేను పోల్చాను. ఆ ఇంటి పెద్దకొడుకు యూసుఫ్. నన్ను పంపించేస్తానన్నది ఆయనే.

"నేను మరియం," అన్నాను అరబ్బీలో. "బాబా దగ్గర పనిచేసిన మరియం."

ఆయన గేటు బార్లా తెరిచాడు. తర్వాత లోపలికి తిరిగి భార్యని గట్టిగా కేకేశాడు, ఎవరో దగ్గర చుట్టాలు వచ్చినట్టు. ఆ రోజు ఆయన నాతో చెప్పిన మాట రాయాలనే కూర్చున్నాను. కానీ ముందు జరిగినది చెప్పకపోతే ఆ మాట బరువు తెలియదు.

నా పేరు మరియమ్మ. మాది రాజోలు దగ్గర పల్లె. ఇంటరు ఫెయిలయ్యాను, ఇరవై రెండేళ్ళకే విధవనయ్యాను, మూడేళ్ళ గ్రేసుని మా అమ్మ ఒళ్ళో పెట్టి వచ్చాను. మా పల్లెలో నాలాగ వచ్చినవాళ్ళు వీధికి ఇద్దరేసి ఉండేవారు. నా పేరు వాళ్ళలోనూ ఉన్న పేరే కాబట్టి 'మరియం' అని పిలవడం వాళ్ళకి తేలికైంది. నాకే ఒక పిలుపు అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది. ఇంటి పెద్దావిడని 'మామా' అని పిలవాలి. మా వైపు మామా అంటే ఎవరో తెలుసుగా! తెల్లటి స్కార్ఫు కట్టుకుని, చేతిలో తస్బీహ్ పూసలు తిప్పుకునే ఆ తల్లిని మామా అని పిలిచినప్పుడల్లా మొదట్లో నాకు లోపల నవ్వొచ్చేది. పెద్దాయన బాబా. ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. కొడుకు యూసుఫ్ పక్క వీధిలో వేరే కాపురం. రోజూ సాయంత్రం వచ్చి తల్లిదండ్రుల్ని చూసి వెళ్ళేవాడు. కాగితాల మీద నా కఫీల్ ఆయనే, అంటే నేను ఈ దేశంలో ఉండాలన్నా పోవాలన్నా ఆయన సంతకమే.

ఆ ఇంటి తెల్లవారడం నాకు ఇప్పటికీ వాసనలతోనే గుర్తు. ముందు యాలకులు వేసి కాచిన లేత పసుపు కాఫీ, తర్వాత మామా గది నుంచి బుఖూర్ ధూపం పొగ, ఆ వెనక నేను నేల తుడిచే డెట్టాల్ నీళ్ళు. ప్రార్థన అయ్యాక బాబా పెరట్లోకి వెళ్ళి మల్లె కుండీలకి తనే నీళ్ళు పోసుకునేవాడు. ఆ పని నన్ను చెయ్యనిచ్చేవాడు కాదు. ఇల్లంతా పాలు లేని ఎర్ర టీ చిన్న గాజుగ్లాసుల్లో తాగుతుంటే ఆయనొక్కడికీ దళసరి పింగాణీ కప్పులో పాల టీ. కప్పు ముందు వేడి నీళ్ళతో కడగాలి, పాలు ఎప్పుడు పొయ్యాలో దానికో లెక్క. నేను పెట్టిన టీ తాగి మొదటిసారి తల ఊపిన రోజు, ఇంటరు పాసైనంత సంతోషం వేసింది. మధ్యాహ్నం నిద్రలు అయ్యాక మేడ మీద గదిలోకి వెళ్ళి ఒక గంట తలుపు వేసుకునేవాడు. "బాబా చదువుకుంటున్నాడు, పైకి వెళ్ళకు" అనేది మామా. నేను మెట్ల కింద ఇస్త్రీ చేస్తుంటే పైనుంచి సన్నగా పియానో, దాని మీద చాలామంది ఒకేసారి పాడుతున్న పాట దిగి వచ్చేది. చదువులో పాటెందుకుంటుందని నేను అడగలేదు. మా ఊరి చర్చి బృందంలో పదేళ్ళు పాడినదాన్ని, వరస చెవిన పడితే పోదు. ఇస్త్రీ పెట్టె దానంతటదే ఆ తాళానికి కదిలేది.

రెండో ఏడు, కుండీల దగ్గరే బాబా పడిపోయాడు. నేను వెళ్ళేసరికి నీళ్ళ గొట్టం పక్కన పారుతూనే ఉంది, ఆయన సగం తడిసి ఆకాశం వైపు చూస్తున్నాడు. నలభై రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇంటికి వచ్చేసరికి కుడి చెయ్యీ, కుడి కాలూ చచ్చుబడ్డాయి. వాటికంటే మాట పోవడం పెద్ద దెబ్బ. అన్నీ అర్థమవుతాయి, చెప్పడానికి నోరు తెరిస్తే ఒకటే మాట: "లా." కాదు అని. నీళ్ళు కావాలన్నా లా, దుప్పటి తియ్యమన్నా లా, బాత్రూముకి వెళ్ళాలన్నా లా. తను చెప్పదలచుకున్నది అది కాదని ఆయనకి తెలుస్తూనే ఉండేది. అందుకే కోపం. చెంచా విసిరేవాడు, తర్వాత ఆ చెంచా నేను తీస్తుంటే చూసి ఏడ్చేవాడు. మాట నేర్పే డాక్టరు బొమ్మల కార్డులు పట్టుకుని వచ్చాడు. పిల్లి, గ్లాసు, తాళంచెవి. అంత చదువుకున్న మనిషికి పిల్లి బొమ్మ చూపిస్తే ఎలా ఉంటుంది? ఎడమచేత్తో కార్డులన్నీ నేలమీదకి తోసేశాడు.

మెట్లెక్కలేడు కనుక ఆయన గది కిందకి మార్చారు. ఆ పనికి వచ్చినవాడు మల్లేశం. జగిత్యాల వైపు మనిషి. మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీలూ కరెంటూ చూసేవాడు. ఆ వీధి ఇళ్ళన్నీ అతని చేతిమీదే. నాతో తెలుగులో రెండు మాటలు మాట్లాడే మనిషి అతనొక్కడే. టీవీ, వీసీఆరు కిందకి తెచ్చి, వాటితోపాటు అలమారులోంచి ఒక అట్టపెట్టె కూడా తెచ్చాడు. పెట్టెలో పన్నెండో పదమూడో వీడియో క్యాసెట్లు. ఒక్కొక్కదాని మీద గుండ్రటి ఆడ చేతిరాత ఇంగ్లీషులో.

"టీవీ నడుస్తదో లేదో సూడాలె," అంటూ చేతికందిన క్యాసెట్టు పెట్టాడు మల్లేశం. మామా మంచం పక్కనే కూర్చుని ఉంది. నేను దిండ్ల గలీబులు మారుస్తున్నాను.

తెర మీద పొగ పట్టినట్టున్న పెద్ద గది. చెక్క బల్లల చుట్టూ ఆడా మగా కిక్కిరిసి కూర్చున్నారు. ప్రతివాళ్ళ చేతిలో పిడి ఉన్న పెద్ద గాజు లోటా, అందులో నురగ. పొడుగు బల్ల వెనక ఒకాయన గ్లాసు తుడుస్తూ ఏదో అంటున్నాడు, జనం విరగబడి నవ్వుతున్నారు. మూల పియానో. బొద్దుగా ఉన్న ఒకావిడ టోపీలో ఈక పెట్టుకుని లేచి పాట ఎత్తుకుంది.

మల్లేశం నోరు తెరిచాడు. "గిదేంది చెల్లే! మన కల్లు దుకాణం లెక్కనే ఉన్నది గదా!"

"అచ్చం కల్లుపాకే," అన్నాను నేను కూడా. మా వైపు ఆడవాళ్ళు ఇలా పియానో పక్కన నిలబడి పాడరన్నది ఒక్కటే తేడా. అది నిజం పబ్ కాదనీ, టీవీ వాళ్ళు అలా గది కట్టి, జనాన్ని కూర్చోబెట్టి వారం వారం పాటలూ హాస్యాలూ చేయించేవారనీ నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం, ఇలాంటిది ఈ ఇంట్లో, ఈ ఊళ్ళో చూడొచ్చా అని భయమేసింది. ఆపెయ్యమని మల్లేశంతో అనబోతున్నాను. ఈక టోపీ ఆవిడ పల్లవికి వచ్చింది. బల్లల దగ్గర వాళ్ళంతా పక్కవాళ్ళ చేతుల్లో చేతులు దూర్చి ఊగుతూ అందుకున్నారు. గదిలో ఇంకో గొంతు కూడా అందుకుంది.

బాబా పాడుతున్నాడు. మూలుగు కాదు, కూనిరాగం కాదు. మాటలు, వరసగా, తడబడకుండా, ఇంగ్లీషు మాటలు. మూడు నెలలుగా నీళ్ళని నీళ్ళు అనలేకపోయిన నోరు పల్లవి మొత్తం పాడి, రెండోసారి కూడా పాడింది. ఎడమ చెయ్యి దుప్పటి మీద తాళం వేస్తోంది. పాట అయిపోయాక ఆయన మాకేసి చూశాడు, ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. "లా," అన్నాడు. మళ్ళీ అదే. కానీ ఆ ఒక్కసారి దానికే నవ్వాడు. మామా పూసలు ఒళ్ళో పడిపోయి ఉన్నాయి. మల్లేశం స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, "నేను పోతున్న చెల్లే, నేనేం సూడలే," అని గబగబా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మామా చెప్పింది. బాబా కుర్రతనంలో ప్రభుత్వం ఇంజనీరింగు చదువుకి ఇంగ్లండు పంపిందట. వర్షం ఆగని ఏదో చలి ఊళ్ళో ఒక విధవావిడ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాడు. భాష రాదు, తిండి పడదు, రోజూ ఏడుపే. వారానికొకసారి ఆ ఇంటావిడ తన ముందుగదిలోకి పిలిచి, పాల టీ చేతిలో పెట్టి, ఈ కార్యక్రమం చూడమని పక్కన కూర్చోబెట్టేది. ఆయన మందు ముట్టలేదు, ఆవిడ పొయ్యనూ లేదు. టీ కప్పులు పట్టుకుని ఆ జనంతోపాటు పాడేవారట ఇద్దరూ. ఆయనకి ఇంగ్లీషు వచ్చింది కాలేజీలో కాదు, ఆ గదిలో. ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ వెళ్తే ఆవిడ లేదు. ఆవిడ కూతురు ఈ క్యాసెట్లు నింపి ఇచ్చింది. "మొదట్లో నాకు కోపం వచ్చేది," అంది మామా. "తర్వాత అనుకున్నాను, పరాయి దేశంలో నా మొగుడు ఏడుస్తుంటే ఓదార్చిన మనిషి ఆవిడ, ఆవిడ పాట మీద నాకెందుకు కోపం అని." ఆ మాట అంటూ నా తల మీద చెయ్యి వేసింది. నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

అప్పట్లో నాకు ఇంటి సంగతులు తెలిసేది క్యాసెట్ల మీదే, ఆడియో క్యాసెట్ల మీద. మా అమ్మ మాటలు నింపి, ఊరికి వచ్చిపోయే వాళ్ళ చేత పంపేది. దాన్నిండా కోళ్ళ అరుపులు, పక్కింటి తగువులు, మధ్యలో గ్రేసు గొంతు. ఒకసారి అందులో పిల్ల అడిగింది, "అమ్మ ఈ పెట్టిలో ఉందా?" అని. నేను కూడా జోలపాటలు పాడి నింపి పంపేదాన్ని, నా గొంతు అది మర్చిపోకూడదని. అందుకే గొంతు అన్నది నాకు అప్పుడు చిన్న విషయం కాదు.

పది రోజులు మధ్యాహ్నం పూట ఆ క్యాసెట్లు పెట్టాం. బాబా అన్నం తిన్నాడు, గడ్డం గీయించుకున్నాడు. పదకొండో రోజు యూసుఫ్ సాయంత్రం రావలసినవాడు ముందే వచ్చేశాడు. గుమ్మంలో నిలబడి తెర మీది నురగ లోటాలు చూశాడు, తండ్రి పాడటం విన్నాడు. ముఖం పాలిపోయింది. వెళ్ళి టీవీ ఆపేశాడు.

"మా నాన్న గదిలో తాగుడు కొట్టు పెట్టావా?" అన్నాడు నాతో.

"యూసుఫ్," అంది మామా, "మీ నాన్నకి మాట వచ్చిందిరా."

"మాట కాదమ్మా, పాట! అదీ ఆ పాట!" అట్టపెట్టె ఎత్తుకున్నాడు. "మరియం, ఇంకోసారి ఇలాంటిది నా చెవిన పడితే ఎగ్జిట్ కొట్టించి పంపించేస్తాను. ఖలాస్."

చెడ్డవాడు కాదు. అప్పుడు కూడా నేనలా అనుకోలేదు. తండ్రి కాళ్ళకి రోజూ తన చేత్తో నూనె రాసేవాడు. కానీ ఆయన వెళ్ళిపోయాక బాబా గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దు, పాల టీ వద్దు. ఆ 'లా' కూడా లేదు. నాలుగు రోజులు అలాగే. డాక్టరు వచ్చి చూసి, ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నాడు. మామా ఆ మాటకి కూలబడిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం జావ గిన్నె పట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. పని పోతే గ్రేసు స్కూలు గతేమిటని రాత్రంతా ఆలోచించాను. ఈయన పోతే, చెయ్యగలిగి ఉండీ ఎందుకు ఊరుకున్నావంటే దేవుడికి ఏం చెప్పాలని కూడా ఆలోచించాను. ఆ పాట ఎత్తుకున్నాను. మాటలు రావు, వట్టి వరసే. చాలా మెల్లగా. రెండో పాదం మధ్యలో ఆపేశాను. గోడవైపు నుంచి మిగతా పాదం వచ్చింది, మాటలతో సహా. ఆయన ఇటు తిరిగాడు. చెంచా నోటికి అందించాను. తిన్నాడు.

తల ఎత్తేసరికి గుమ్మంలో మామా. చెంచా గిన్నెలో వదిలేశాను. ఆవిడ లోపలికి వచ్చి, తలుపు వేసి, కుర్చీలో కూర్చుని పూసలు తీసింది. "ఈ మధ్య నాకు చెవుడు వచ్చింది మరియం," అంది. "ఏమీ వినబడటం లేదు."

అలా మొదలైంది. మా ఊరి చర్చిలో పాటల మాస్టారు కొత్త మాటలు నేర్పేటప్పుడు, ముందు మాకు తెలిసిన వరసలో పెట్టి పాడించేవారు. ఆ పద్ధతి గుర్తొచ్చి, కల్లుపాక వరసలో అరబ్బీ మాటలు పెట్టాను. నాకు వచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీయే, ఈ పనికి అదే సరిపోయింది. "అబ్గా మోయా, అబ్గా మోయా," అని పల్లవిలో పాడాను. నాకు నీళ్ళు కావాలి అని. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. రెండో రోజు పెదాలు కదిలాయి. అయిదో రోజు నేను గదిలోకి అడుగుపెట్టేసరికి, నన్ను చూసి తనే ఎత్తుకున్నాడు: "అబ్గా... మోయా!" గ్లాసు అందించే తొందరలో సగం నీళ్ళు ఆయన చొక్కా మీద పోశాను. ఆ తర్వాత టీ అడిగాడు, తలుపు వెయ్యమన్నాడు, దిండు సరిచెయ్యమన్నాడు, అన్నీ ఆ పాటలోనే. మామా పేరు పాడిన రోజు ఆవిడ కొత్త పెళ్ళికూతురిలా స్కార్ఫు చివర నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇలాంటిది ఎన్నాళ్ళు దాగుతుంది? మూడు వారాలకి యూసుఫ్ మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాడు. నేను పాడుతూ పాడుతూ ఆగిపోయాను. బాబా కొడుకుని చూశాడు. "లా... లా..." అన్నాడు. చెయ్యి చాపాడు. నుదుటి మీద నరాలు ఉబ్బాయి. మళ్ళీ మొదటినుంచి, వరస పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ ఎక్కినట్టు పాడాడు: "యూ-సుఫ్... యూ-సుఫ్... తఆల్." యూసుఫ్, ఇలా రా అని.

ఆయన వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. నాలుగు నెలలు దాటాక తండ్రి నోట తన పేరు విన్నాడు. తర్వాత నాకేసి తిరిగాడు. కోపం లేదు. "నీకు తెలియదు మరియం," అన్నాడు. "మా నాన్న జన్మంతా అయిదు పూటలా నమాజు చేసిన మనిషి. చివరి రోజున నోట కలిమా, అల్లా ఒక్కడే దేవుడన్న మాట, రావాలి. ఆయనకి ఇంకేమీ రాక, ఈ తాగుబోతుల పాట ఒక్కటే వస్తే? నా భయం అది."

అప్పుడు నాకు ఆ మనిషి అర్థమయ్యాడు. నాకు తోచింది చెప్పాను. "యూసుఫ్ భాయీ, మీరు ఖురాన్ బాగా పాడతారు కదా, మీరు కూడా..."

"హుష్!" అంది మామా కంగారుగా. "పాట అనకూడదు. తిలావత్ అనాలి. చదవడం."

నాలుక కరుచుకున్నాను. "చదవడమే," అన్నాను. "మీరు చదివితే వినసొంపుగా ఉంటుంది. బాబా పక్కన కూర్చుని నెమ్మదిగా చదవండి. వరస ఉన్న మాటలే ఆయనకి వస్తున్నాయి."

యూసుఫ్ లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, తండ్రి ఎదురుగా కూర్చుని, కళ్ళు మూసుకుని ఖురాన్ మొదటి అధ్యాయం, ఫాతిహా, చదవడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా, ప్రతి మాటా సాగదీస్తూ. నేను గుమ్మం బయట, నాకు సంబంధం లేని చోట నిలబడ్డాను. మొదటి రెండు వాక్యాలూ ఆయన గొంతు ఒక్కటే. మూడో వాక్యానికి ఇంకో గొంతు కలిసింది. చివరిదాకా కలిసే వెళ్ళాయి రెండూ. "ఆమీన్" అన్నది బాబాయే. యూసుఫ్ తండ్రి చచ్చుబడిన చేతిని తన మొహానికి ఆనించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవడం నేను చూడకూడదని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వారం తిరక్కుండా అట్టపెట్టె వెనక్కి వచ్చింది. ఆయనే మోసుకొచ్చి టీవీ కింద పెట్టాడు. "చప్పుడు తగ్గించి పెట్టండి. నమాజు వేళకి ఆపెయ్యండి," అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, తెర మీది లోటాల వైపు వేలు చూపించి తండ్రిని అడిగాడు, "బాబా, నిజం చెప్పు. వాటిలో ఏముంది?" బాబా ఆలోచించుకుని, పల్లవి వరసలో పెద్దమనిషి తరహాగా పాడాడు: "షాహీ." టీ అట! మామా నవ్వి నవ్వి పూసలు తెంపుకుంది. యూసుఫ్ మొహం బిగపట్టుకుని గుమ్మం దాటాక నవ్వడం నాకు వినబడింది.

ఇంకో రెండేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను. తర్వాత నా కాంట్రాక్టు అయిపోయి, గ్రేసుని దగ్గరుండి చదివించుకోవాలని ఇంటికి వచ్చేశాను. వచ్చేనాటికి బాబాకి కొన్ని మాటలు వరస లేకుండా కూడా వచ్చేవి. ఒకటి రెండు ఫోన్ల తర్వాత ఆ సంబంధం తెగిపోయింది. మామా పోయిందని మల్లేశం ఎప్పుడో ఉత్తరం రాశాడు. ఇప్పుడు ఇక్కడ ఆడపిల్లలు వేదికలెక్కి పాడుతున్నారు, నా కూతురు కారు నడుపుతూ పాటలు మార్చుకుంటోంది. ఊళ్ళో ఉన్న దాని కొడుకు ఫోన్‌లో తల్లి మొహం చూస్తూ అన్నం తింటున్నాడు. తల్లి పెట్టిలో ఉందా అని వాడికి అనుమానం రాదు. ఇదంతా మంచికే. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. కాకపోతే అప్పట్లో ఒక పాట పాడాలంటే ఆ ఇంట్లో నలుగురం ఒకరినొకరు కాచుకోవలసి వచ్చేది. అలా కాచుకున్నవాళ్ళని మర్చిపోవడం చేతకాదు.

మొన్న యూసుఫ్ మమ్మల్ని ముందుగదిలో కూర్చోబెట్టాడు. ఆయన భార్య గ్రేసు ఉద్యోగం గురించి అడుగుతూ ఖర్జూరాలు పెట్టింది. నాకు అడగాలని ఉంది, ఎలా అడగాలో తెలియలేదు. ఆయనే చెప్పాడు.

"నువ్వు వెళ్ళిన మూడో ఏడు పోయాడు నాన్న. శుక్రవారం, అసర్ తర్వాత. నేను పక్కనే ఉన్నాను. కలిమా చెప్పాడు మరియం, స్పష్టంగా, తనంతట తనే."

"దేవుడి దయ," అన్నాను. నిజంగా నా గుండెలోంచి ఏదో బరువు దిగింది.

"అవును. అల్హమ్దులిల్లాహ్ అనుకున్నాను. అయిపోయింది అనుకున్నాను." ఆయన భార్య వైపు చూశాడు, మళ్ళీ నా వైపు. "కానీ ఇంకో గంట బతికాడు."

నేను కుర్చీ అంచుకి జరిగాను.

"ఆ గంటలో నన్నే చూస్తూ వేళ్ళతో దుప్పటి మీద తాళం వేశాడు. ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. గదిలో నేనొక్కడినే. తలుపు వేసి వచ్చి పాడాను. నాకు ఆ మాటలు రావు, వరసా సరిగ్గా రాదు. నేను తప్పు పాడిన చోటల్లా నాన్న నా చేతి మీద తట్టి సరిచేశాడు. అలా సరిచేస్తూ సరిచేస్తూ, పాట అయిపోగానే వెళ్ళిపోయాడు."

ఆయన భార్య చేతిలో ఖర్జూరాల పళ్ళెం అలాగే ఉండిపోయింది. ఆవిడకీ ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోందని ఆవిడ మొహం చెబుతోంది.

"ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు," అన్నాడు యూసుఫ్. "ఎవరికి చెప్పను? మా నాన్న నన్ను చివరిసారి మెచ్చుకున్నది దేనికని చెప్పను?"

"మెచ్చుకున్నాడా?"

"చివరి పాదం ఒక్కటీ సరిగ్గా పాడాను," అన్నాడు. అరవై దాటిన ఆ మనిషి మొహంలో బడిలో బహుమతి వచ్చిన పిల్లవాడి గర్వం. "తల ఊపాడు."